పోటీ పరీక్షల గైడులో చైనా ముస్లింలపై తప్పుడు సమాచారం గురించి ఫిర్యాదు

ప్రచురణ సంస్థ నిర్వాహకులకు,

విషయం: గ్రూప్స్ గైడులోని చైనా అధ్యాయాన్ని సవరించవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా,

హనుమకొండలో పోటీ పరీక్షల అభ్యర్థులకు చరిత్ర బోధించే నేను, మీ గైడును కొని తరగతిలో వాడుతున్నాను. చైనాలో ముస్లింలుగా పరిగణించే మైనారిటీ జాతులెన్ని అన్న ప్రశ్నకు అందులో ‘ఒకటి, ఉయ్ఘర్లు’ అని జవాబు అచ్చయింది. సరైన జవాబు పది. నెగెటివ్ మార్కులున్న పరీక్షలో దీని నష్టం ఎవరిదో మీకు చెప్పనక్కరలేదు.

అంతకన్నా పెద్ద అభ్యంతరం, ఆ పది జాతుల్లో ఒకటైన హుయిలు ‘మతం మారిన హాన్ జాతీయులు మాత్రమే’ అన్న వాక్యంపైన (హాన్ అంటే చైనాలోని అత్యధిక సంఖ్యాక జాతి). అది నిర్ధారిత సత్యం కాదు, ఒక రాజకీయ పక్షం వాదన. 1912 నాటి ఐదు రంగుల జెండాలో ముస్లింలకు తెల్లచారను కేటాయించిన చైనా జాతీయవాదమే, కమ్యూనిస్టులకు ముందు చైనాను పాలించిన చియాంగ్ కై షేక్ కాలం వచ్చేసరికి, హుయిలు వేరే జాతి కారని, మతాచారం వేరైన హాన్‌లేనని చెప్పసాగింది. కమ్యూనిస్టులు దాన్ని తోసిపుచ్చి, 1958లో నింగ్‌షియా హుయి స్వయంపాలిత ప్రాంతాన్ని ఏర్పరిచారు. చైనా ప్రభుత్వ నమోదులో నమాజు మానేసిన హుయి హుయిగానే ఉంటాడు, ఇస్లాం స్వీకరించిన హాన్ హాన్‌గానే ఉంటాడు. ఫుజియాన్ రాష్ట్రంలోని చెందాయ్‌లో ఇస్లాం ఆచారాలను ఎన్నడో వదిలేసిన డింగ్ వంశస్థులను సైతం, పూర్వీకులు ముస్లింలన్న ఆధారంతో 1979లో హుయిలుగా గుర్తించారు. మీ వాక్యానికీ దీనికీ పొంతన ఎక్కడ కుదురుతుందో మీ సంపాదకులే చెప్పాలి.

ముస్లింలపై ఆంక్షలకు మీ గైడు చూపిన ఏకైక కారణం, ఉయ్ఘర్ల ప్రాంతమైన షింజియాంగ్‌లోని వేర్పాటువాదం. చైనీస్ భాషే మాట్లాడుతూ దేశమంతటా విస్తరించి ఉన్న హుయిలలో నేడు వేర్పాటు ఉద్యమమే లేదు. అయినా 2018లో నింగ్‌షియాలోని వెయ్‌జౌలో పెద్ద మసీదు కూల్చివేత నోటీసుకు నిరసనగా జనం బైఠాయించారు. తరువాత దాని గుమ్మటాలను తీసేసి చైనా తరహా కప్పులు పెట్టారు. 2023లో యునాన్ రాష్ట్రంలోని నాగులో గుమ్మటాల తొలగింపును అడ్డుకున్న జనానికీ పోలీసులకూ ఘర్షణ జరిగింది. షీ జిన్‌పింగ్ ప్రభుత్వపు ‘మతాల చైనీకరణ’ విధానాన్ని, అంటే మతాలను చైనా సంస్కృతికి అనుగుణంగా మార్చే విధానాన్ని, ప్రస్తావించకుండా ఈ అధ్యాయాన్ని ముగించడం ఎలా సమంజసం?

ఈ విషయం ఫోనులో చెబితే, సిలబస్‌కు ఇంతే చాలునని మీ సిబ్బంది బదులిచ్చారు. తక్కువ రాయడం వేరు, తప్పు రాయడం వేరు. కనుక ఇప్పటికే అమ్ముడైన ప్రతుల కోసం సవరణ పత్రాన్ని విక్రేతల ద్వారా అందించి, తదుపరి ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాయించి, ఏ చర్య తీసుకున్నదీ నాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ గైడు కొనుగోలుదారు, చరిత్ర అధ్యాపకుడు,
హనుమకొండ