గోల్కొండ బొమ్మకు తెలుగు చీటీ ఏది?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం దక్కనీ సూక్ష్మచిత్రాలు చూపిద్దామని మా అమ్మాయిని హైదరాబాద్‌లో ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. అరచేతి కన్నా కాస్త పెద్దగా ఒక సుల్తాను బొమ్మ. కింద చీటీ మీద 'గోల్కొండ, 17వ శతాబ్దం' అని ఇంగ్లీషులో ఉంది, అంతే. గాజులో బొమ్మ కన్నా మా మొహాలే బాగా కనబడ్డాయి.

లైట్లు మసకగా ఉన్నాయని నేను తప్పుపట్టడం లేదు. వెలుతురు ఎక్కువైతే పాత రంగులు వెలిసిపోతాయి. కానీ ఒక భూతద్దం పెడితే ఏం పోయింది? అమ్మాయి ఫోన్‌లో జూమ్ చేస్తే సుల్తాను గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె పని అది. "నాన్నా, ఇది చేత్తోనే వేశారా?" అని నోరెళ్లబెట్టింది.

ఆ పనితనం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. చేతి కాగితాలను ఒకదానిమీద ఒకటి అంటించి బొమ్మ వేసే మందపాటి అట్ట 'వస్లీ' చేయడం, రంగునిచ్చే రాళ్లు నూరి తుమ్మబంక కలపడం, బొమ్మను బోర్లించి వెనక నుంచి నున్నటి అగేట్ రాయితో రుద్ది మెరుపు తేవడం... ఒక బల్ల మీద ఆ రాయి, ఆ కుంచె, నాలుగు రంగుల చిప్పలు పెట్టి చూడండి, పిల్లలు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు.

గోల్కొండ 1687లో మొఘలుల పాలైంది. అక్కడి మేలైన చిత్రాలు కొన్ని చూడాలంటే ఇప్పుడు విదేశీ మ్యూజియాలకే వెళ్లాలి. ఉన్న ఊళ్లో ఉన్నవాటికైనా వేసవి సెలవుల్లోపు తెలుగు చీటీలు అంటించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక డ్రాయింగ్ మాస్టారు, హనుమకొండ