నాట్ అంటేనే వేగం, మళ్ళీ ‘గంటకు’ ఎందుకు?

ఎడిటర్ గారికి,

తుఫాను వార్త వచ్చినప్పుడల్లా మీ పేపర్లో ‘గంటకు 50 నాట్ల వేగంతో గాలులు’ అని చదివి పళ్ళు నూరుకోవడం నాకు అలవాటైపోయింది. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గంట అందులోనే ఉంది. ఇంకో ‘గంటకు’ తగిలిస్తే, లెక్క ప్రకారం గంటగంటకూ వేగం పెరుగుతోందని అర్థం వస్తుంది, చదివేవాళ్ళకి ఉన్న టెన్షన్ చాలదన్నట్టు!

ఒకసారి ఎక్కడో ‘50 ముడుల వేగం’ అని చూసి తెగ నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, నవ్వాల్సింది నన్ను చూసుకుని అని. నాట్ అంటే నిజంగా తాడుకు వేసిన ముడే. తెరచాప ఓడల కాలంలో, కింది అంచుకు సీసం బిగించిన చిన్న చెక్కను తాడుకు కట్టి ఓడ వెనక నుంచి నీళ్ళలో పడేసేవాళ్ళు. సీసం బరువుకి అది నిటారుగా నిలబడి ఇంచుమించు ఉన్నచోటే ఉండిపోతుంది, ఓడ ముందుకు పోతుంటే తాడు రీలు మీంచి జరజరా ఊడొస్తుంది. ఓడ రేపిన సుడుల్ని చెక్క దాటేదాకా కొంత తాడు ఊరికే వదిలి, అక్కడ కట్టిన గుడ్డపీలిక చేతికి తగలగానే ఇసుక గడియారం తిప్పేవాళ్ళు. ఇసుక రాలడానికి 28 సెకన్లు, ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. గంటలో 28 సెకన్లు ఎంత భాగమో, నాటికల్ మైలులో ఆ దూరం సుమారుగా అంత భాగం. కాబట్టి ఇసుక అయిపోయేలోపు వేళ్ళ మధ్య నుంచి ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు, హెచ్చవేతలు, భాగహారాలు ఏమీ లేవు. ఎంత తెలివి చూడండి!

ఆ చెక్కను లాగ్ అనేవాళ్ళు, ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్ బుక్ అయింది, మనం రోజూ చేసే లాగిన్ కూడా దాని వారసత్వమే.

పాతకాలం నావికుల్లోనూ కొందరు ‘గంటకు ఇన్ని నాట్లు’ అని రాశారు, ఒప్పుకుంటాను. కానీ నాటికల్ మైలును 1852 మీటర్లుగా 1929లోనే ఖాయం చేశాక, విమానాలకూ ఓడలకూ ఇదే కొలత నడుస్తున్నప్పుడు మనకి ఆ గందరగోళం ఎందుకు? ‘50 నాట్లు, అంటే గంటకు సుమారు 93 కిలోమీటర్లు’ అని రాయండి, ‘గంటకు’ పోయి కిలోమీటర్ల పక్కన కూర్చుంటుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు