లిఫ్టు గొడవలో లాజిక్కు

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. మా అపార్ట్‌మెంటు లిఫ్టు గొడవతో తల తినేస్తున్నార్రా. మా వైజాగ్ ఎంవీపీ కాలనీ ఉప్పుగాలి సంగతి నీకు తెలిసిందేగా. లిఫ్టు గ్రిల్లు తలుపు కింద వేలితో గీరితే చాలు, తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది. వాచ్‌మన్ రోజూ అదే ప్రశ్న: "ఏటి బాబూ, ఇంక మెట్లేనా?"

కమిటీలో ముగ్గురు. రూలు ముందే పెట్టుకున్నారు: పాతది రిపేరుకు లొంగదని తేలాలి, ఫండులో డబ్బు సరిపోవాలి. రెండూ అయితేనే కొత్తది. ప్రెసిడెంటు గారు రెండింటికీ అవునన్నారు. సెక్రటరీ గారు "రిపేరుకు లొంగదు, నిజమే, కానీ డబ్బు చాలదు" అన్నారు. ట్రెజరర్ గారిది తిరగేసిన పాట: డబ్బుంది, రిపేరు చేయిస్తే సరిపోతుంది. ఇప్పుడు లెక్కేసుకో. లొంగదన్నవాళ్లు ఇద్దరు, డబ్బుందన్నవాళ్లు ఇద్దరు. మరి కొందామన్నది? ఒక్కరే! ఎవరి మాటలోనూ లాజిక్ తప్పలేదు, ముగ్గుర్నీ కలిపితేనే తప్పింది. సెల్లార్లో కుర్చీలేసుకుని "మెజారిటీ మాదే" అని రెండు పక్షాలూ ఒకటే అరుపులు. పైగా రెండూ నిజమే.

ఇదే చిక్కు ముగ్గురు జడ్జీల బెంచీలో వస్తుందని అమెరికాలో కార్న్‌హౌజర్, సేగర్ అనే లా ప్రొఫెసర్లు ఎప్పుడో చూపించారు. 2002లో క్రిస్టియన్ లిస్ట్, ఫిలిప్ పెటిట్ అనే తత్వవేత్తలు దాన్ని ఫార్మల్ లాజిక్‌లోకి, అంటే గుర్తులతో రాసే తర్కంలోకి దించి, ఏకంగా సిద్ధాంతమే నిరూపించారు. ఎవరు ఏ అభిప్రాయంతో వచ్చినా ఒప్పుకోవాలి, అందరి ఓటూ సమానం కావాలి, ముడిపడిన ప్రశ్నలన్నిటినీ ఒకే తీరులో, వేటికవి విడిగా తేల్చాలి, చివరికి తీర్పుల్లో పొంతనా ఉండాలి. ఇన్నీ కుదిరే పద్ధతి లేనే లేదట. మెజారిటీ ఓటే కాదు, ఏదైనా సరే.

అంటే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. కారణాల మీద, అంటే రిపేరు మీద, డబ్బు మీద విడివిడిగా ఓటేస్తే లిఫ్టొస్తుంది, నేరుగా కొనుగోలు మీద ఓటేస్తే రాదు. పెత్తనమంతా అజెండా రాసేవాడిదేరా! నా ఓటు కారణాలకే. మినిట్స్ పుస్తకంలో "ఎందుకు" అనేది మిగిలితే రేపు వచ్చే కమిటీని నిలదీయొచ్చు. కాకపోతే ఇందులో ఒక కంత ఉంది. ట్రెజరర్ గారికి లిఫ్టు ఇష్టం లేదనుకో, మనసులో ఏమున్నా "డబ్బు లేదు" అని చెయ్యెత్తితే చాలు, కథ కంచికి. అందుకే ఓటుకు ముందు బ్యాంకు పాస్‌బుక్కు, మెకానిక్కు రాసిచ్చిన ఎస్టిమేటు బల్ల మీద పెట్టమన్నాను. కాగితం ఎదురుగా ఉంటే అబద్ధమాడటం కాస్త కష్టం కదా.

ఆదివారం మళ్లీ మీటింగు, అజెండా నన్నే రాయమన్నారు. నువ్వైతే ఏ ప్రశ్న ముందు పెడతావో ఈలోపు ఫోన్ చేసి చెప్పు.

నీ
రవి