రోష్ హషానాకు పాత కార్డుల బొమ్మలు

సభ్యులందరికీ నమస్కారం. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా కోసం నూరేళ్లు దాటిన శుభాకాంక్షల కార్డుల బొమ్మలు కొన్ని సేకరించాను. అన్నీ ఉచితమే. ఫోటోలుగా పంపితే వివరాలు మసకబారతాయి కాబట్టి డాక్యుమెంట్లుగా పెడుతున్నాను.

మొదటిది తప్పక పెద్దది చేసి చూడండి. సుమారు 1909లో న్యూయార్క్‌లో హీబ్రూ పబ్లిషింగ్ కంపెనీ వేసిన కార్డు అది. ఒక ఒడ్డున రష్యా రాజచిహ్నం కింద మూటలు పట్టుకున్న యూదులు. సముద్రానికి అవతల, అమెరికా గద్ద నీడలో, ముందే వలస వెళ్లిన బంధువులు చేతులు చాచి పిలుస్తున్నారు. గద్ద దగ్గరున్న పట్టీ మీద ‘నీ రెక్కల నీడలో దాచు’ అనే అర్థం వచ్చే కీర్తన వాక్యం ఉంది. పండుగ కార్డులో ఇంత చరిత్ర ఇమిడిపోవడం నన్ను కదిలించింది.

మిగిలినవి పొట్టేలు కొమ్ముతో చేసే షోఫార్ బూర, తేనె, ఆపిల్ పండ్ల బొమ్మలు. ఇంత పాత ప్రచురణలకు అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయింది. విదేశాల్లో ఉన్నవారు యూదు మిత్రులకు పంపేటప్పుడు ‘షనా తోవా’ అని రాయండి, ‘మంచి సంవత్సరం’ అని అర్థం. హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి, బొమ్మను అద్దంలోలా తిప్పేయకండి.