గడ్డ తవ్వినా తీగ బతకాలి

సంపాదకులకు,

ఎండలు ముదిరితే మా అచ్చంపేటలో నన్నారి షర్బత్‌కు గిరాకీ పెరుగుతుంది. ఒంటి వేడి తగ్గుతుందని పెద్దలు చెప్పే ఆ పానీయంలో చాలాసార్లు పడేది అసలు సుగంధిపాల వేరు కాదు, నల్లమల రాతి గుట్టల మీద పాకే మారేడు తీగ గడ్డ. (ఇది శివుడికి పత్రి కోసే మారేడు చెట్టు కాదు.) దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఈ తీగ మన కళ్లముందే తరిగిపోతున్నదన్నదే నా ఆవేదన.

నిరుడు మన్ననూరు దాపున ఒక చెంచు పెద్దాయన ఈ గడ్డ తవ్వుతుంటే దగ్గర కూర్చుని చూశాను. మట్టి తీయగానే ఘుమఘుమలాడే వేర్లు ఐదారు బయటపడ్డాయి. ఆయన లావైన రెండింటిని మాత్రమే కోసుకుని, మిగిలినవాటిని తీగతో సహా వదిలి మళ్లీ మట్టి కప్పారు. "అన్నీ తీస్తే మళ్లొచ్చే ఏడు ఏం తవ్వుతం సారూ" అన్నారు. కొంచెం ముందుకు పోతే, మొదలుతో సహా పెకలించి వదిలేసిన గుంతలు వరుసగా కనిపించాయి. కిలోల లెక్కన సరుకు అడిగే వ్యాపారికి తీగ బతుకు పట్టదు.

ఆకు, కాయ కోస్తే మొక్క మిగులుతుంది. తపసి చెట్టుకు లోతు లేని గాటు పెడితే బంకా వస్తుంది, చెట్టూ నిలుస్తుంది. వేరు సంగతి అలా కాదు. సర్పగంధ వేరు నుంచి 1952లో రక్తపోటు మందు రెసర్పిన్‌ను వేరు చేశాక దాని కోసం ఎంతగా తవ్వారంటే, చివరికి ఆ మొక్కను, ముప్పున్న జీవజాతుల వ్యాపారంపై దేశాలు కుదుర్చుకున్న సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించవలసి వచ్చింది.

అలాగని సేకరణనే నిషేధించమని నేను కోరను. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై చెంచులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కును లాక్కోవడం అన్యాయం. మొదలు మిగిల్చి తెచ్చిన గడ్డకే మంచి ధర కట్టే కొనుగోలు పద్ధతి కావాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలు రాయించవలసిన జీవవైవిధ్య రిజిస్టర్లలో ఏ గుట్ట మీద ఎన్ని తీగలున్నాయో చెంచు పెద్దలనే అడిగి రాయించాలి. ఇక మన పంచాయతీల్లో నర్సరీలు ఉన్నాయి కనుక, నల్లమల అంచు మండలాల్లోనైనా వచ్చే ఏడాది పెంచే మొక్కల జాబితాలో మారేడు తీగను, సర్పగంధను చేర్చి, రైతుల చేలగట్ల మీద నాటించాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా