గడియ ఏ వైపున ఉంది?

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఫోన్ చేసి నలభై రోజులైంది. ఉద్యోగం మానేసి వియన్నాలోనే నాటకబృందంతో ఉండిపోయావని కాకినాడ అత్తయ్య మీ అమ్మతో అన్నదట. ఆ సంగతి నువ్వు చెప్పినప్పుడే వింటాను, ఇప్పుడు అడగను. మొజార్ట్ పాటల నాటకం ‘ఫిగరో పెళ్లి’ని నేటి సంపన్నుల అపార్ట్‌మెంటులోకి మార్చి, పనివాళ్ల వైపు నుంచి ఆడబోతున్నామని నువ్వు రాసినప్పటి నుంచి ఆ ఆపెరాను మూడుసార్లు చూశాను.

ఇల్లు మార్చినంత మాత్రాన చాలదమ్మా. దర్శకుడు పీటర్ సెల్లర్స్ 1980లలోనే దాన్ని న్యూయార్కులోని ట్రంప్ టవర్‌కు తీసుకెళ్లాడు. మూలమైన ఫ్రెంచి రచయిత బొమార్షే నాటకంలో, పుట్టుకతో వచ్చిన దొరతనాన్ని సేవకుడైన ఫిగరో నిలదీసే ప్రసంగం ఒకటుంది. 1786 నాటి ఆపెరాకు మాటలు రాసిన డా పాంటే దాన్ని తీసేసి, ఆ చోట ఆడవాళ్లను నిందించే పాట పెట్టాడు. తీసేసిన మాటలను మీరు మళ్లీ ఎవరి నోటా పలికించవద్దు, తొలి దృశ్యంలోని గది చాలు. మంచం పడుతుందా అని ఫిగరో ఐదు, పది, ఇరవై అంటూ కొలుస్తాడు; గంట మోగితే మూడు గెంతుల్లో దొర దగ్గర ఉండవచ్చని మురిసిపోతాడు. ‘నిన్ను దూరం పంపి, అదే మూడు గెంతుల్లో దొర నా తలుపు దగ్గరికి వస్తేనో’ అని అతను పెళ్లాడబోయే పనమ్మాయి సుజానా అడుగుతుంది.

అక్కడ నాకు మీ నాయనమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పోయాక ఆవిడ దివాణంలో వంటకు కుదిరితే, మాకు వంటింటి పక్క గది ఇచ్చారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ తలుపుకు గడియ బయటివైపే ఉండేది. లోపల కూడా ఒకటి పెట్టించమని రెండుసార్లు అడిగితే, ఇక్కడికి దొంగలెవరు వస్తారని నవ్వారు. అప్పటి నుంచి రోజూ దీపం ఆర్పాక పొత్రాన్ని దొర్లించుకొచ్చి తలుపుకు ఆనించేది. నేల మీద ఆ గరగర వినబడితేనే నాకు నిద్ర పట్టేది. తెల్లవారుజామున దాన్నే కడిగి, వాళ్ల పెసరట్లకు పిండి రుబ్బేది. ఎవరైనా ఎప్పుడైనా తలుపు తోశారా అని నేను పెద్దయ్యాక అడిగితే, పెసలు నానబెట్టాలంటూ లేచి వెళ్లిపోయింది.

మొజార్ట్ కూడా 1781లో ఆర్చిబిషప్ కొలువులో సేవకులతో, వంటవాళ్లతో ఒకే బల్ల దగ్గర తిన్నవాడే. కనుక సోఫాలు, దీపాల సంగతి తరువాత చూసుకోవచ్చు, మీ పనమ్మాయి గదికి గడియ ఏ వైపున ఉందో ముందు తేల్చుకోండి. చివర్లో దొర మోకరిల్లి క్షమించమని అడిగేది భార్యను, సుజానాను కాదు. ఆ క్షణాన సుజానా ఎక్కడ నిలబడి ఉంటుందో కూడా ఆలోచించండి.

ఉద్యోగం మానేసి ఉంటే అద్దె ఎలా కడుతున్నావు? గది మారావా? దాని తలుపుకు లోపల గడియ సరిగ్గా పడుతోందా? రిహార్సల్ అయ్యాక రాత్రి ఒంటరిగా రావద్దు, ఖాళీ కడుపుతో పడుకోవద్దు. కందిపొడి, నల్లకారం పొట్లాలు కట్టి ఉంచాము. ఏ చిరునామాకు పంపాలో వెంటనే రాయి.

మీ నాన్న