ఆ సినిమాను తీసేయమనడం దేనికి?

సంపాదకుల వారికి,

నమస్కారం. బైబిల్‌ను కించపరిచే సినిమాలను ఓటీటీల నుంచి తీయించేయాలని ఈమధ్య మీ లేఖల శీర్షికలో ఒకరు రాశారు. ఉదాహరణగా 1994 నాటి ‘పల్ప్ ఫిక్షన్’ పేరు చెప్పారు. చర్చిలో యూత్ మీటింగులు చూసుకునేవాణ్ణి కాబట్టి ఈ మాట నాకూ తగిలింది.

ఆయన కోపం సగం న్యాయమే. ఆ సినిమాలో జూల్స్ అనే కిరాయి హంతకుడు, మనిషిని కాల్చే ముందు బైబిల్‌లోని యెహెజ్కేలు గ్రంథం 25:17 అంటూ, దుర్మార్గుల గురించీ, బలహీనులను కాపాడే కాపరి గురించీ పెద్ద డైలాగ్ చెబుతాడు. అధ్యాయం తీసి చూస్తే చివర్లో పగ తీర్చుకుంటానన్న మాట తప్ప మిగతాదంతా సినిమావాళ్ల కల్పనే. మా కుర్రాళ్లలో కొందరు అది నిజంగా బైబిల్ వాక్యమేననుకుంటున్నారు.

కానీ ఆయన సినిమా చివరిదాకా చూసినట్టు లేరు. ఎదురుగా నిలబడి కాల్చిన తూటాలు ఒక్కటీ తగలకపోవడం దేవుడి పనేనని జూల్స్ నమ్ముతాడు, తోటి హంతకుడు విన్సెంట్ కొట్టిపారేస్తాడు. తర్వాత హోటల్‌ను దోచుకోవడానికి వచ్చిన దొంగను జూల్స్ చంపగలిగీ చంపడు. తన పర్సులోని డబ్బే ఇచ్చి పంపేస్తాడు. ఇన్నాళ్లూ ఆ మాటలు ఎదుటివాణ్ణి హడలగొట్టడానికే చెప్పానని, అందులోని దుర్మార్గుడు తానేనని, కాపరి కావాలని తంటాలు పడుతున్నానని ఒప్పుకుంటాడు. మారనన్న విన్సెంట్ తూటాలకే బలైపోతాడని, కథ ముందువెనకలుగా నడవడం వల్ల మనకు అప్పటికే తెలుసు. ఇందులో విశ్వాసానికి అవమానం ఎక్కడుంది?

ఇక మన సంగతి. డిసెంబరు వస్తే నరసాపురం నుంచి అమలాపురం దాకా సెమీ క్రిస్మస్‌లు, సువార్త సభలు. ‘ఒకప్పుడు నేను రౌడీని’ అంటూ తాను మారిన కథను సభలో చెప్పుకునే సాక్ష్యం ఉందంటే కుర్చీలు చాలవు. సాక్ష్యంలో ముప్పాతిక వంతు కత్తులు, కేసులు, జైలు. దెబ్బతిన్న కుటుంబం ఏమైందో ఒక్కరు చెప్పగా నేను వినలేదు. బైబిల్‌లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అందరిముందూ నిలబడి చెప్పాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే. యేసు పక్కన సిలువ మీద చనిపోతూ మారిన దొంగకు తిరిగిచ్చే వ్యవధి లేదు, మన సాక్షులకు బోలెడంత ఉంది. (జూల్స్ కూడా తాను చంపినవాళ్ల ఇళ్లకు వెళ్లడు. సినిమాలో నాకు కనిపించిన లోటు అదే.)

మనమూ తక్కువ తినలేదు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో శిక్ష పూర్తిచేసుకుని ఊరికొచ్చినవాడికి అరెకరం కౌలుకివ్వాలన్నా, చేపల చెరువు కాపలాకు పెట్టుకోవాలన్నా వెనకాడతాం. మైకు మాత్రం ఇస్తాం.

బూతులు, రక్తపాతం ఎక్కువ కాబట్టి ఆ సినిమా సండే స్కూల్ పిల్లలకు పనికిరాదు. పెద్ద కుర్రాళ్లు ఎలాగూ ఫోన్లలో చూసేశారు. వాళ్లతో యెహెజ్కేలు 25వ అధ్యాయంతో పాటు 33, 34 కూడా చదివించాలనుకుంటున్నాం. దుర్మార్గుడు దోచుకున్నది తిరిగిచ్చి, దారి మార్చుకుంటే బతుకుతాడని 33లో ఉంది. మందను గాలికొదిలి తమ కడుపు నింపుకునే కాపరులకు 34లో గట్టి చీవాట్లున్నాయి. అది చదివే రోజున పాస్టర్లు కూడా వచ్చి కూర్చుంటే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసాపురం